చెడుగాలి మిగిల్చిన వాసన

నాఫ్తలీన్ ఉండల్ని మనం కలరా ఉండలు అంటాం. నోటికి అలవాటైపోయింది కాబట్టి తేడాగా అనిపించదు గానీ, కాస్త ఆగి చూస్తే వింత పేరే. కలరా తాగే నీళ్ళ వల్ల, తిండి వల్ల వచ్చే జబ్బు. ఈ తెల్లటి ఉండలేమో పట్టుచీరల మడతల్లో, బీరువా అరల్లో, వాష్‌బేసిన్ జాలీ మీద, బాత్రూం మూలల్లో ఉంటాయి. వీటికీ కలరాకీ ఎక్కడా ఎదురుపడే అవకాశం లేదు. అయినా పేరు అలాగే నిలబడిపోయింది.

ఈ పేరు పట్టుకుని కొన్నాళ్ళుగా చదువుతూ పోయాను. మొదలుపెట్టింది మాట మీద ఆసక్తితోనే. తీరా ఆ దారి లండన్ మురిక్కాలవల మీదుగా, మన సికింద్రాబాద్ మీదుగా, అమెరికాలో ఒక జైలు మీదుగా పోయి, గ్రీస్‌లో పచ్చబడిపోయిన పసిపిల్లల దగ్గర తేలింది. ఇంట్లో మంచివాసన కోసం మనం చేసే పనులకీ, ఆ ఇంట్లో పెరిగే పిల్లల ఆరోగ్యానికీ ఉన్న సంబంధం చాలావరకు ఈ కథలోనే ఉంది.

*

పందొమ్మిదో శతాబ్దం సగానికి పైగా యూరప్‌లో చదువుకున్నవాళ్ళ నమ్మకం ఒకటే. రోగం గాలిలో వస్తుంది. కుళ్ళిన వస్తువుల నుంచి లేచే చెడుగాలే జ్వరాలకీ కలరాకీ మూలం. దాన్ని మయాస్మా అన్నారు. ఈ లెక్కన ముక్కే పెద్ద డాక్టరు. కంపు కొడితే రోగం ఉన్నట్టు, కంపు పోతే రోగం పోయినట్టు. ఇంగ్లండ్‌లో ప్రజారోగ్య సంస్కరణలకి ఆద్యుడైన ఎడ్విన్ చాడ్విక్ 1846లో పార్లమెంటు కమిటీ ముందు దాదాపు ఇదే చెప్పాడు. ఘాటైన దుర్వాసన ఏదైనా సరే, అది రోగమేనని ఆయన అభిప్రాయం.

ఆ నమ్మకం ఊరుకునే నమ్మకం కాదు. దాని ప్రకారం పనులు జరిగాయి. ఇళ్ళ కింద పేరుకున్న మలం కంపు పోవాలని లండన్ మురిక్కాలవల్ని కడిగి, ఆ మురికినంతా థేమ్స్ నదిలోకి వదిలారు. నగరంలో చాలామంది తాగేది ఆ నది నీళ్ళే. 1848-49 కలరాకి లండన్‌లో సుమారు 14 వేలమంది చనిపోయారు. ముక్కుకి బాగుండాలని చేసిన పని నోటికి విషం తెచ్చిపెట్టింది.

1854లో బ్రాడ్ స్ట్రీట్ దగ్గర కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు చనిపోయినవాళ్ళ ఇళ్ళని లెక్కేసి, అందరూ ఒకే చేతిపంపు నీళ్ళు తాగారని చూపించిన సంగతి చాలామందికి తెలుసు. ఆ మరుసటి ఏడాది ఆయన చేసిన ఇంకో పని గురించి తక్కువ చెప్పుకుంటారు. ఎముకలు ఉడికించేవాళ్ళు, సబ్బులు చేసేవాళ్ళు, అంటే ఊరికంతటికీ కంపు పంచేవాళ్ళు, తమ మీద వస్తున్న చట్టానికి ఎదురుతిరిగితే, స్నో వాళ్ళ తరఫున పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు. దుర్వాసన అసహ్యమే కావచ్చు, అంతమాత్రాన అంటువ్యాధి పుట్టదని ఆయన వాదన. నిజంగా గాలిలో ఉండేదే రోగానికి కారణమైతే, ముందు పోవాల్సింది ఆ పనిచేసేవాళ్ళే కదా! లాన్సెట్ పత్రిక ఆయన్ని ఎద్దేవా చేసింది. 1858 ఎండాకాలంలో థేమ్స్ కంపు భరించలేక పార్లమెంటువాళ్ళు బ్లీచింగ్ సున్నంలో ముంచిన పరదాలు కిటికీలకి వేలాడదీసుకున్నారు. అదే ఏడాది జూన్‌లో స్నో చనిపోయాడు.

చాడ్విక్ బృందాన్ని పూర్తిగా మూర్ఖులని తీసిపారేయలేం. 1858 కంపు పుణ్యమా అని లండన్‌కి మంచి మురుగుకాలవలు వచ్చాయి. వాటివల్ల కలరా నిజంగానే తగ్గింది. తప్పుడు సిద్ధాంతం మంచి కాలవలు కట్టించిందన్నమాట. వాసన మీద మన నమ్మకం అంత మొండిగా ఉండటానికి ఇదీ ఒక కారణం అనుకుంటాను. అప్పుడప్పుడూ అది ఫలించింది.

*

చెడుగాలికి విరుగుడు మంచిగాలి. లేదా దాని గాఢతని మించే ఘాటు వాసన. 1831లో కలరా యూరప్‌లోకి దిగినప్పుడు హోమియోపతి పితామహుడు హానిమన్ కర్పూరం వాడమన్నాడు. పాశ్చాత్య నగరాల్లో జనం కర్పూరం మూటలు మెడలో వేసుకుని తిరిగారు. మన దగ్గరా గత్తర వచ్చిందంటే వేపమండలు, సాంబ్రాణి పొగ, అమ్మవారికి మొక్కు. సికింద్రాబాద్‌ ఉజ్జయిని మహంకాళి గుడి పుట్టుక గురించి చెప్పుకునే కథలో కూడా 1813 నాటి కలరా ఉంది. అప్పుడు ఉజ్జయినిలో ఉన్న పల్టన్ మనిషి ఒకడు, మా ఊరిని కాపాడితే గుడి కడతానని మొక్కుకున్నాడంటారు.

నాఫ్తలీన్ వచ్చింది మాత్రం దేవుడి గదిలోంచి కాదు, గ్యాస్ దీపాల లోంచి. వీధి దీపాలకి బొగ్గుని కాల్చి గ్యాస్ తీస్తుంటే అడుగున తారు మిగిలేది. ఆ తారులోంచి తెల్లటి పలుకులు దొరికాయి. 1821లో జాన్ కిడ్ దానికి పేరు పెట్టాడు. 1826లో ఫారడే దాని సూత్రం తేల్చాడు. పది కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు. కారుచౌక. తెల్లగా మెరుస్తుంది, గదంతా వాసన నింపుతుంది, కర్పూరంలాగే కరక్కుండానే ఆవిరైపోతుంది. పురుగుల్ని చంపుతుంది కూడా.

కర్పూరానికి ఉన్న కలరా ప్రతిష్ఠ చూడటానికి అలాగే ఉన్న ఈ తారు బిడ్డకి బదిలీ అయిందనేది నా ఊహ. ఒకదాన్ని ఇంకొకటిగా పిలవడం మన దగ్గరే కాదు. నైజీరియాలో ఇవాళ్టికీ నాఫ్తలీన్ ఉండల్ని కర్పూరమనే అంటారు. మనమేమో మందు పేరు వదిలేసి ఏకంగా జబ్బు పేరే పెట్టేసుకున్నాం.

బఠాణీ అంత అయ్యి, చివరికి మాయమైపోయే ఆ ఉండ ఎక్కడికి పోతుందని అడిగితే జవాబు సులువే. కొంత బట్టల్లోకి, కొంత గదిలోకి, కొంత మన ఊపిరిలోకి. మనకి వాసన వస్తోందంటేనే ఊపిరితిత్తులకి చేరుతోందని అర్థం.

*

ఇప్పుడు రెండో చెడుగాలి దగ్గరికి వద్దాం. మలేరియా అనే మాటకి ఇటాలియన్‌లో అర్థం అదే, చెడుగాలి. ఆ గాలి సిద్ధాంతానికి చివరి దెబ్బ తగిలింది మన ఊళ్ళోనే. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రోనాల్డ్ రాస్ ఒక అనాఫిలిస్ దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. గాలి కాదు, గాలిలో ఎగిరే దోమ. 1902లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఆ భవనం ఇంకా అక్కడే ఉంది. హైదరాబాద్‌లో ఉండేవాళ్ళం ఆ దారిన రోజూ పోతూనే ఉంటాం.

చిత్రం ఏమిటంటే, దోమ మీద యుద్ధమే చివరికి ఇంటి సువాసనల డబ్బాకి జన్మనిచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ ద్వీపాల్లో సైనికుల్ని శత్రువు కన్నా దోమలు ఎక్కువ పడగొడుతుంటే, అమెరికా వ్యవసాయశాఖలో పనిచేసే లైల్ గుడ్‌హ్యూ, విలియం సలివన్ దోమలమందుని ద్రవీకరించిన వాయువుతో కలిపి బరువైన ఉక్కు డబ్బాలో నింపారు. మీట తిప్పితే మందు మంచులా చిమ్ముతుంది. 1943లో పేటెంట్ వచ్చింది. సైనికులు దాన్ని బగ్ బాంబ్ అన్నారు. యుద్ధం అయిపోయాక రాబర్ట్ అబ్‌ప్లనాల్ప్ అనే మెకానిక్ చౌకగా తయారయ్యే కవాటం ఒకటి చేశాడు. దాంతో తేలికపాటి రేకుడబ్బాలు వంటింట్లోకి, స్నానాలగదిలోకి వచ్చేశాయి. ఎస్.సి. జాన్సన్ కంపెనీ గ్లేడ్ అనే ఎయిర్ ఫ్రెషనర్‌ని 1956లో మార్కెట్లోకి తెచ్చింది. లోపలి సరుకు మారింది గానీ డబ్బా ఆ డబ్బానే.

సరిగ్గా అదే 1956లో ఇంకో సంగతి జరిగింది. దీనికీ మూలం మలేరియాయే. సైనికుల కోసం ప్రైమాక్విన్ అనే మలేరియా మందుని ఇలినాయ్ రాష్ట్రంలోని స్టేట్‌విల్ జైలు ఖైదీల మీద పరీక్షిస్తూ వచ్చారు. జైల్లో ఉన్న మనిషి ఇచ్చే ఒప్పుకోలు ఎంతవరకు ఒప్పుకోలు అనే ప్రశ్న ఆ ప్రయోగాల మీద ఇప్పటికీ ఉంది. కొందరికి, ముఖ్యంగా నల్లజాతి ఖైదీలకి, ఆ మందు వేసుకోగానే ఎర్రకణాలు పగిలిపోయి మూత్రం నల్లబడేది. కారణం 1956లో ఆల్ఫ్ ఆల్వింగ్ బృందం కనుక్కుంది. ఎర్రకణాల్ని ఆక్సీకరణ నుంచి కాపాడే ఎంజైమ్ ఒకటి వాళ్ళలో తక్కువగా ఉంది. దాని పేరు జి6పిడి.

ఆ లోపం ప్రపంచంలో ఎక్కడెక్కడ ఎక్కువగా ఉందో మ్యాప్ గీస్తే, అది మలేరియా మ్యాప్ మీద దాదాపు సరిగ్గా కూర్చుంది. 1960లో ఆంథొనీ ఆలిసన్, ఆర్నో మోటుల్‌స్కీ దీన్ని విడివిడిగా ఎత్తి చూపారు. ఆఫ్రికా, మధ్యధరా తీరం, మధ్యప్రాచ్యం, భారతదేశం. లోపం ఉన్న ఎర్రకణం మలేరియా క్రిమికి కలిసిరాని ఇల్లు. అందుకే వేల ఏళ్ళ పాటు మలేరియా ఉన్నచోట ఈ లోపం బతికి బట్టకట్టింది. ప్రపంచంలో సుమారు 40 కోట్లమందికి ఇది ఉందని అంచనా. మన దేశంలో అందరిలో ఒకేలా లేదు. కొన్ని సమూహాల్లో దాదాపు లేదు, కొన్ని ఆదివాసీ సమూహాల్లో బాగా ఎక్కువ. ఆదివాసుల్లో ఎక్కువగా కనిపించే రకానికి ఒరిస్సా అనే పేరు పెట్టారు. తల్లి నుంచి వచ్చే ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి దెబ్బ ఎక్కువగా మగపిల్లల మీద పడుతుంది. ఉన్నవాళ్ళలో చాలామందికి ఉన్నట్టే తెలియదు, ఏదో ఒకటి దాన్ని రెచ్చగొట్టేదాకా.

కొన్ని మందులు రెచ్చగొడతాయి. కొన్ని రకాల చిక్కుళ్ళు రెచ్చగొడతాయి. కలరా ఉండలు రెచ్చగొడతాయి.

*

నాఫ్తలీన్ ఎర్రకణాల్ని పగలగొడుతుందని డాక్టర్లకి అంతకుముందే తెలుసు. 1949లో డిట్రాయిట్‌కి చెందిన వుల్ఫ్ జ్యూల్జర్, లెనర్డ్ ఆప్ట్, ఉండల్ని నోట్లో పెట్టుకున్న పిల్లల గురించి రాశారు. అది మింగితే వచ్చే ప్రమాదం. చూడగానే చాక్‌లెట్ అనుకునే వస్తువు కాబట్టి ఎవరికైనా అర్థమవుతుంది.

1963లో గ్రీస్ వైద్యులు వలాయెస్, డోక్సియాడిస్, ఫెసాస్ ప్రచురించింది వేరే రకం సంగతి. 21 మంది పసిపిల్లలు. ఎవరూ ఏమీ మింగలేదు. వాళ్ళ బట్టలో, దుప్పట్లో నాఫ్తలీన్‌తో కలిపి దాచి తీసినవి. చాలామంది విషయంలో ఆ బట్టలు ఒంటికి తగలను కూడా లేదు. అదే గదిలో ఉన్నాయంతే. ఆ గాలి పీల్చినందుకే ఎర్రకణాలు పగిలి, ఒళ్ళు పచ్చబడింది. వాళ్ళలో సుమారు సగంమందికి జి6పిడి లోపం ఉంది. ఇద్దరు చనిపోయారు.

పుట్టిన కొత్తలో కాస్త పచ్చబడటం మామూలే కదా అంటారు. నిజమే. ఎర్రకణాలు పగిలితే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం వస్తుంది. దాన్ని బయటికి పంపేది కాలేయం. పసివాళ్ళ కాలేయం ఇంకా ఆ పని పూర్తిగా నేర్చుకోలేదు. నాఫ్తలీన్ ఒంట్లోకి వెళ్ళాక తయారయ్యే పదార్థాలు కణాల్ని ఒక్కసారిగా పగలగొడితే, పసుపు పేరుకుని, మెదడులోకి దిగుతుంది. బతికి బయటపడ్డా వినికిడి పోవచ్చు, కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేకపోవచ్చు. దీన్ని కెర్నిక్టరస్ అంటారు. సమయానికి నీలికాంతి కింద పడుకోబెడితే, అవసరమైతే రక్తం మారిస్తే, ఆపగలిగే నష్టం ఇది. నైజీరియా పిల్లల డాక్టర్లు దశాబ్దాలుగా పసిబట్టల్లో ఆ ఉండలు పెట్టొద్దని తల్లులకి చెబుతూనే ఉన్నారు.

ఇది చదివినప్పుడు నాకు పొత్తిగుడ్డలు గుర్తొచ్చాయి. మన ఇళ్ళల్లో పుట్టిన బిడ్డకి కొత్తబట్ట వెయ్యరు. మెత్తబడిన పాత నేతచీర, తాతగారి పంచె, చింపి, ఉతికి, మడతలు పెట్టి ఉంచుతారు. ఉయ్యాలకి కూడా పాత చీరే. మా అమ్మని అడిగితే, "పాతబట్ట అయితే ఒరుసుకోదురా, పసి ఒళ్ళు కదా" అంది. మంచి మాటే. పాత నూలంత మెత్తనిది ఇంకోటి ఉండదు. మరి ఆ పాతబట్టలు అప్పటిదాకా ఎక్కడుంటాయమ్మా అని అడిగాను. "ట్రంకుపెట్టెలో" అంది. పెట్టెలో ఇంకేముంటాయో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు.

రెండు చెడుగాలులూ కలుసుకునే చోటు ఆ పెట్టె. కలరాని గాలి తెస్తుందనుకున్న కాలం పెట్టెలో ఉండని పెట్టింది. చెడుగాలి అని పేరు పెట్టిన ఇంకో జబ్బు కొన్ని కుటుంబాల నెత్తుట్లో తన గుర్తు వదిలిపెట్టింది. రెండు నమ్మకాలూ తప్పని 1897 నాటికే తేలిపోయింది. వాటి ఆనవాళ్ళు మాత్రం ఒక పొత్తిగుడ్డ మడతలో ఇప్పటికీ ఎదురుపడుతున్నాయి.

యూరోపియన్ యూనియన్‌లో 2008 నుంచి నాఫ్తలీన్ ఉండలు అమ్మడానికి వీల్లేదు. మన కిరాణాకొట్లో పప్పుల పక్కనే దొరుకుతాయి.

*

కలరా ఉండలు పాతకాలం సరుకు, మేం వాడేది లావెండర్ స్ప్రే అనేవాళ్ళకి కూడా ఈ కథ వర్తిస్తుందా? కొంత వర్తిస్తుంది. ఎంత అన్నది జాగ్రత్తగా చెప్పాలి.

బాత్రూంలో వేలాడదీసే రంగు బిళ్ళలు చాలావాటిలో ఉండేది పారాడైక్లోరోబెంజీన్. నాఫ్తలీన్‌లాగే అదీ గాల్లో కరిగిపోయే సరుకే. 2006లో అమెరికాలో 953 మంది పెద్దవాళ్ళ రక్తం పరీక్షిస్తే 96 శాతం మందిలో అది కనబడింది. ఎక్కువగా ఉన్నవాళ్ళలో ఊపిరి వదిలే శక్తి సుమారు 4 శాతం తక్కువ. పెద్దవాళ్ళకి అది పెద్ద లెక్క కాకపోవచ్చు. కానీ బరువుతో పోల్చి చూస్తే పసిపిల్లలు పెద్దవాళ్ళకన్నా ఎక్కువ గాలి పీలుస్తారు. రోజంతా ఆ గదుల్లోనే, నేల మీదే ఉంటారు.

నారింజ, నిమ్మ వాసనలకి వాడే లిమొనీన్ సహజమైనదే. పండు తొక్కలో ఉండేదే. అది గదిలోకి వచ్చే ఓజోన్‌తో కలిస్తే ఫార్మాల్డిహైడ్, అతి సన్నని ధూళి తయారవుతాయి. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకాల జాబితాలో ఉన్న పదార్థం. 2007లో అమెరికాలో ఒక పర్యావరణ సంస్థ 14 ఎయిర్ ఫ్రెషనర్లని పరీక్షిస్తే 12 వాటిలో థాలేట్లు బయటపడ్డాయి. హార్మోన్ల పనిలో వేలుపెట్టే రసాయనాలివి. సువాసన అనే ఒక్క మాట కింద లోపలిదంతా దాచేసే వెసులుబాటు తయారీదార్లకి ఉంది.

ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ ప్రాంతంలో 1991-92లో పుట్టబోయే సుమారు 14 వేలమంది పిల్లల్ని ఎంచుకుని, తల్లి కడుపులో ఉన్నప్పటినుంచీ గమనిస్తూ వచ్చారు. 2003లో వచ్చిన ఒక విశ్లేషణలో, ఎయిర్ ఫ్రెషనర్ దాదాపు రోజూ వాడే ఇళ్ళల్లో పసిపిల్లలకి విరేచనాలూ చెవిపోటూ, తల్లులకి తలనొప్పీ దిగులూ ఎక్కువగా కనిపించాయి. దీన్ని చూసి స్ప్రే వల్లే విరేచనాలు అనేస్తే, మనమూ చాడ్విక్‌లా తొందరపడినట్టే. పిల్లాడికి విరేచనాలవుతున్న ఇంట్లో స్ప్రే ఎక్కువ కొట్టి ఉండొచ్చు కదా? ఏది ముందో, ఏది వెనకో ఆ లెక్కల్లో తేలదు. నాఫ్తలీన్ విషయం అలా కాదు. అక్కడ ఆవిరి నుంచి ఎర్రకణం దాకా ప్రతి మెట్టూ తెలుసు.

మన సాంబ్రాణి, అగరుబత్తి వీటికి మినహాయింపు అనుకోవడానికీ లేదు. గ్రాముకి గ్రాము లెక్కేస్తే సిగరెట్ సుమారు 10 మిల్లీగ్రాముల ధూళి వదిలితే, అగరుబత్తి సుమారు 45 వదులుతుంది. స్నానం చేయించిన బిడ్డకి పొగ వేసే గదిలో కిటికీ తెరిచి ఉంటే దేవుడేమీ అనుకోడు.

*

వీటన్నిట్లో నాకు కనిపించే పోలిక ఒకటుంది. లండన్‌లో కంపు పోగొట్టారు, నీళ్ళని మాత్రం చూడలేదు. మన ఇళ్ళల్లో కూడా వాసన మీద వాసన చల్లుతాం. కంపు ఎక్కడినుంచి వస్తోందో, నీళ్ళు నిలిచిన గొట్టమో, గాలి తగలని అరో, వెతకడం తర్వాతి మాట. ముక్కు మంచి కాపలాదారే. వింత ఏమిటంటే మనం దాన్ని హెచ్చరించనివ్వం, జోకొట్టి పడుకోబెడతాం. పైగా గట్టి వాసనకి ముక్కు కాసేపట్లోనే అలవాటు పడిపోతుంది. మనకి వాసన తెలియడం మానేసినా, ఉయ్యాల్లో ఉన్న బిడ్డ ఊపిరి మానడు కదా.

చెప్పదలుచుకున్న పనులు చిన్నవి. ఇంట్లో పురుడు ఉందంటే, పొత్తిగుడ్డలుగా మారబోయే పాతబట్టల పెట్టెలోంచి ఆ ఉండల్ని ముందే తీసెయ్యాలి. బట్టల్ని ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా రోజుల తరబడి ఎండలో వెయ్యాలి. వాసన ఉందంటే నాఫ్తలీన్ ఉన్నట్టే. పురుగు భయం ఉంటే బాగా ఎండబెట్టిన వేపాకు వేసుకోవచ్చు. బిడ్డ ఉండే గదిలో బిళ్ళలూ స్ప్రేలూ లేకపోతే పోయేదేమీ లేదు. కిటికీ ఎటూ ఉంది.

బిడ్డ పచ్చబడితే మాత్రం ఎండలో పడుకోబెడుతూ రోజులు లెక్కపెట్టకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. జి6పిడి పరీక్ష కొంచెం రక్తంతో అయిపోయేదే. డాక్టరు పాల గురించి అడుగుతారు, మూత్రం గురించి అడుగుతారు, తల్లి బ్లడ్ గ్రూపు అడుగుతారు. బట్టలపెట్టె గురించి బహుశా అడగరు. అడక్కపోయినా, మీరే చెప్పండి.